కొబ్బరినూనె రాసిన తుపాకీ

మేము అద్దెకున్న ఇంటి కింది భాగంలో మూడు తుపాకులు ఉన్నాయని తెలిసిన రోజు నా బిడ్డ నాతో ముఖం ముడుచుకుని తిరిగింది. తుపాకులు ఉన్నందుకు కాదు, వాటిని చూసి నేను సంతోషపడ్డందుకు.

జర్మనీలో ష్వైన్‌ఫర్ట్ అనే పట్నం నుంచి బస్సులో వెళ్తే పొలాల మధ్య వచ్చే చిన్న ఊరది. నా బిడ్డ ఆ పట్నంలోనే చదువుకుని, అక్కడే బేరింగులు చేసే కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుంది. అల్లుడిది భీమవరం వైపు. చదువుకునేటప్పుడు కలిసి, తర్వాత పెళ్ళి చేసుకున్నారు. నేను పురిటికి వచ్చాను. మనవరాలు పుట్టి, నేను తిరుగు విమానం ఎక్కవలసిన వేళకు కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. వీసా గడువు పెంచామంటూ ఆఫీసు నుంచి కాగితాలు వచ్చేవి. బిడ్డ వాటిని చదివి, ఫైలులో పెట్టి, "ఇంకొన్ని రోజులు ఉండొచ్చమ్మా" అనేది.

నాకు తెలుగు అక్షరాలే ఆలస్యంగా వచ్చాయి. బిడ్డ ఇంజనీరింగుకు హైదరాబాదు పోయిన ఏడు, మా ఊరి ఆడవాళ్ళ సంఘం పెట్టిన బడిలో కూర్చుని దిద్దుకున్నాను. బస్సు మీది ఊరి పేరు మొదటిసారి నేనే చదువుకున్న రోజు నాకు కొమ్ములు మొలిచినట్టు ఉండింది. జర్మనీకి వచ్చేసరికి ఆ కొమ్ములు ఊడిపోయాయి. బోర్డు చదవలేను, మాట అర్థం కాదు. చేత్తో చేసే పని ఏదైనా కనిపిస్తే ప్రాణం లేచివచ్చేది.

కింది భాగంలో ఉండే ఇంటి ఓనరు ఎనభై దాటిన పెద్దాయన. భార్య పోయి చాలా కాలమైంది. కొడుకు మ్యూనిక్‌లో ఉంటాడు. పెద్దాయన నన్ను 'ఓమా' అని పిలిచేవాడు. నాయనమ్మనైనా అమ్మమ్మనైనా అక్కడ అదే మాట. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు నన్ను అట్లా పిలుస్తుంటే నవ్వొచ్చేది. నేను ఆయనను 'అన్నా' అన్నాను.

"అమ్మా, అట్ల పిలవకు. ఈడ అది ఆడోళ్ళ పేరు" అంది బిడ్డ.

"మరేమని పిలవాలె?"

"ఏమని పిలవకు. నవ్వు, చాలు."

ఆ రోజు ఎండ బాగా కాస్తోంది. గారెలు వండి, ఓ గిన్నెలో పెట్టుకుని కిందికి దిగాను. ఒకరింట్లోకి ఒకరు పోకూడని రోజులు కాబట్టి, గిన్నె గడప ముందు పెట్టి, తలుపు తట్టి, దూరం జరిగి నిలబడేదాన్ని. ఆ రోజు పెరటివైపు వంటింటి తలుపు బార్లా తీసి ఉంది. బల్ల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద మూడు తుపాకులు పక్కపక్కన పెట్టుకుని పెద్దాయన తుడుస్తున్నాడు. తుడుస్తున్నాడని అనడమే గానీ, కీళ్ళవాతంతో ఆయన వేళ్ళు వంకర తిరిగాయి. గుడ్డ మాటిమాటికీ జారిపోతోంది.

ఒకటి కొత్తది, గొట్టం మీద గొట్టం, తళతళ మెరుస్తోంది. రెండోది వానలో బురదలో తిరిగిన మనిషిలా ఉంది, కర్ర నిండా దెబ్బలు. మూడోది వాటికంటే చిన్నది, సన్నది. గొట్టాలు రెండూ పక్కపక్కన. వెనక రెండు గుర్రాలు బయటికే కనిపిస్తున్నాయి.

గుర్రం అన్నది మా అయ్య మాట. మీట నొక్కితే ఎగిరి దెబ్బ కొట్టే ఇనుప కొక్కేన్ని ఆయన గుర్రం అనేవాడు.

మా అయ్య పిట్టలు కొట్టి మమ్మల్ని బతికించాడు. కరీంనగర్ వైపు మా ఊరు. చేల గట్ల మీద కౌజులు, పూరేళ్ళు, తుమ్మల్లో గువ్వలు, చలికాలంలో చెరువు మీదికి దిగే బాతులు. ఆయన దగ్గర ఉన్నది బర్మారు తుపాకీ. గొట్టం మూతిలోంచి మందు పోసి, పీచు కూరి, సీసపు గుండ్లు వేసి, మళ్ళీ పీచు కూరి కడ్డీతో దట్టించాలి. ఒక దెబ్బ పేల్చి మళ్ళీ సిద్ధం చేసేసరికి పిట్టలు పక్క ఊరికి పోతాయి. అందుకే ఆయనకు తొందర ఉండేది కాదు. గంటల తరబడి పొదలో కూర్చునేవాడు.

కొట్టిన పిట్టలను కాళ్ళు కట్టి గుత్తిగా భుజాన వేసుకుని నేను అంగడికి పోయేదాన్ని. దారి బడి ముందు నుంచే. "పిట్టల దొర బిడ్డ పోతున్నదిరో! మీ అయ్య కట్టె తుపాకేదే?" అని పిల్లలు కేకలేసేవాళ్ళు. పిట్టల దొరంటే కట్టె తుపాకీ పట్టుకుని, కోతలు కోస్తూ అడుక్కునే వేషగాడు. నేను తల వంచుకుని, భుజం మీది పిట్టల తలలు వీపుకు తగులుతుంటే గబగబా నడిచేదాన్ని. బడికి పోకపోవడానికి అది ఒక్కటే కారణం కాదు గానీ, అదీ ఒక కారణమే.

కానీ ఇంటికి వచ్చాక ఆ తుపాకీని తుడిచే పని నాది. ఇంకెవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు. గొట్టంలో వేడినీళ్ళు పోసి మసి కడగడం, ఎండలో ఆరబెట్టడం, పాత పంచె గుడ్డకు ఆముదం అద్ది లోపలా బయటా రాయడం, చివరికి గుర్రం మొదట్లో రెండు చుక్కలు వేయడం. "చేతికి నూనె వాసన రాకుంటే నువ్వు తుడ్వనట్టే" అనేవాడు అయ్య. కర్ర ఒకచోట పగిలితే రాగి తీగ చుట్టాడు. ఆ చుట్ల మీద వేలు పోనిస్తూ నిద్రపోయిన రోజులు ఉన్నాయి. ఊళ్ళో పిల్లలకు బొమ్మలున్నట్టు నాకు ఆ తుపాకీ.

తర్వాత అడవుల్లో అన్నల గొడవలు ఎక్కువై, ఊళ్ళలోని తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పమన్నారు. అయ్య వెంట నేనూ పోయాను. జమేదారు దాన్ని అందుకుని, గడ్డపారలు పడేసినట్టు మూలనున్న కుప్ప మీద పడేశాడు. నేను దారి పొడుగునా ఏడ్చాను. "ముసల్ది చస్తే ఏడ్వలే, తుపాకి పోతే ఏడ్చింది" అని మా నాయనమ్మ చావును గుర్తుచేస్తూ మా అమ్మ వాడంతా చెప్పింది. ఆ మాట నాకు పెళ్ళయి వేరే ఊరు పోయేదాకా వెంట వచ్చింది. సిగ్గుపడ్డాను. కానీ అది అబద్ధం కాదు.

అందుకని, పెద్దాయన బల్ల మీద ఆ గుర్రాల తుపాకీ కనిపించగానే దూరం నిలబడాలన్న సంగతి మరిచిపోయాను. లోపలికి నడిచాను. ఆయన చేతిలోంచి గుడ్డ తీసుకున్నాను. ఆయన నన్ను, నా చేతులను చూసి, తుపాకీని కీలు దగ్గర మధ్యకు విరిచి గొట్టాలు ఖాళీగా ఉన్నాయని చూపించి, నా ముందుకు జరిపాడు.

పాపను ఎత్తుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చిన బిడ్డ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా! నీకేమన్న పిచ్చి లేసిందా? మాస్క్ లేదు ఏం లేదు, తుపాకి పట్టుకున్నవేంది?"

"పట్టుకోలే. తుడుస్తున్న."

"తుడిచినా పట్టుకున్నట్టే. ఈడ దానికి లైసెన్స్ ఉండాలె. ఎవరన్న చూసి పోలీసులకు చెప్తే నీ వీసా ఏంగావాలె?"

పెద్దాయన ఏదో అడిగాడు. బిడ్డ కోపాన్ని దిగమింగి నవ్వు ముఖం పెట్టింది.

"ఏమంటడు?"

"నీకెట్ల వచ్చు అంటున్నడు."

"మా అయ్య పిట్టలు కొట్టి అంగట్ల అమ్మేటోడు, తుపాకి నేనే తుడిచేదాన్ని అని చెప్పు."

ఆమె చెప్పింది. పెద్దాయన లేచి నిలబడి, నెత్తిన లేని టోపీని తీసినట్టు చేయి ఊపాడు. అంగట్లో పిట్టలమ్మిన మనిషికి ఎవరూ అంత మర్యాద చేయరని నాకు అనుమానం వచ్చింది. మెట్లెక్కుతూ అడిగాను.

"నిజం చెప్పు, ఏం చెప్పినవ్?"

"మా తాతకు వేటంటే పాణం, పెద్ద వేటగాడు అని చెప్పిన. అబద్ధమా?"

"అమ్మేటోడని చెప్పలే?"

"ఈడ వేటంటే పెద్ద ముచ్చటమ్మా. చదివి, పరీక్ష రాసి, లైసెన్స్ తీసుకుంటరు. అమ్ముకునేటోళ్ళం అంటే ఏమనుకుంటడు? ఆయన ఇంట్ల ఉంటున్నం మనం."

సాయంత్రం అల్లుడు విని పకపకా నవ్వాడు. "దాందేముందండీ అత్తయ్యగారూ! మా తాతయ్య కొల్లేరు పరజ పిట్టలంటే పడిచచ్చేవాడు. కొట్టిందెవరో కూడా అడిగేవాడు కాదు, కూరలో మిరియాలు పడ్డాయా లేదా అనే అడిగేవాడు. ఈ పెద్దాయన పావురం కొడితే ఓటి పైకి పంపమని చెప్పండి."

"నువ్వు ఊకో" అంది బిడ్డ.

ఆమె ఎంత వద్దన్నా ఆ ఎండాకాలమంతా పెరటిలోంచి "ఓమా!" అని పిలుపు వచ్చేది. చివరికి ఆమే ఒక కట్టు పెట్టింది: మాస్క్ వేసుకోవాలి, ఆయన ఎదురుగా ఉన్నప్పుడే ముట్టాలి, ఆయన వంటింటి బల్ల దాటి తుపాకీ కదలకూడదు. నేను సరేనన్నాను.

గోడ మీద ఒక ఫోటో ఉంది. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న సన్నటి ఆడమనిషి, ముంజేతి మీద విరిచి వేసుకున్న తుపాకీ. అదే గుర్రాల తుపాకీ. ఒకసారి బిడ్డ కిందికి వచ్చినప్పుడు ఆయన దాని కథ చెప్పాడు. అది ఆయన భార్యకు పుట్టింటి నుంచి వచ్చింది. ఆమె భుజానికి తగ్గట్టు కర్ర కొంచెం కోయించారు. ఆమె బతికుండగా ఆయన దాన్ని ఒక్కసారి కూడా పేల్చలేదు. ఆమె పోయాక మాత్రం ప్రతి చలికాలం ఒక్కనాడు దాన్ని తీసుకుని ఊరి చివర ఓక్ చెట్ల అంచుకు పోతాడు. పొద్దు వాలేవేళ అడవి పావురాలు ఆ చెట్ల మీదికి పడుకోవడానికి వస్తాయి. పడ్డా పడకపోయినా ఆ తుపాకీతో ఒక దెబ్బ పేల్చి ఇంటికి వస్తాడు. మిగిలిన రెండు తుపాకులు పనివాళ్ళ లాంటివట. ఇది మాత్రం ఇంటి మనిషి.

"కళ్ళు మసకబారుతున్నయంట. చేతులు గూడ ఆగుతలేవు. వచ్చే చలికాలమే ఆఖరంట. లైసెన్స్ మళ్ళ తీసుకోడంట, మూడు తుపాకులు దుకాణపోనికి ఇచ్చేస్తడంట" అంది బిడ్డ.

నేను ఆ తుపాకీని ఇంకా శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టాను. ఇక్కడే నేను చేయకూడని పని చేశాను.

ఆయన దగ్గర తుపాకీ నూనె ఉంది. డబ్బా మీద మీట నొక్కితే తుంపరలా పడుతుంది. నాకది నూనెలా అనిపించలేదు, దోమల మందులా ఉంది. రాసిన కాసేపటికి చేతికి అంటదు, వాసన ఉండదు. చేతికి వాసన రాని నూనె ఏం నూనె? ఆముదం అక్కడ నాకు దొరకలేదు. నా దగ్గర ఉన్నది ఊరి నుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె, తలకు రాసుకునేది. ఒకనాడు దాన్ని చిన్న సీసాలో పోసి కొంగున కట్టుకుని దిగాను. కొడుకు ఫోను వచ్చి పెద్దాయన పక్క గదిలోకి వెళ్ళాడు. రెండు గుర్రాల మొదట్లో చుక్కలు వేశాను. అవి వచ్చి తగిలితే తూటాను పొడిచే సూదుల దగ్గర కూడా వేశాను. లోపలికి దిగాలని గుర్రాలను మెల్లగా ఎత్తి దించాను.

తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు. తెలియకపోతే ఆయన లేనప్పుడు ఎందుకు చేస్తాను? ఆ తుపాకీ నాది కాదు. నా నూనె పెడితే కొంచెమైనా నాదవుతుందనిపించింది. ఆయన తిరిగి వచ్చి గాలి పీల్చి, నా జడ వైపు చూసి నవ్వాడు. వాసన నా తలదే అనుకున్నాడు. నేనూ నవ్వాను. ఆ ఎండల్లో ఇంకో రెండు మూడు సార్లు అదే పని చేశాను.

చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడుతుందని తెలియని ఆడది మా వైపు ఉండదు. పొద్దున్నే సీసాను ఎండలో పెట్టి, కరిగాక తల దువ్వుకున్న బతుకే నాది. ఆ తెలివి ఆ వేసవిలో ఎక్కడికి పోయిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆకులు రాలే కాలానికి రోగం మళ్ళీ పెరిగింది. పెద్దాయనకు సోకుతుందన్న భయంతో కిందికి పోవడం మానేశాను. తుపాకులు నేలమాళిగలోని ఇనుప బీరువాలోకి పోయాయి. నేలమాళిగ అంటే చలికాలంలో ఫ్రిజ్ లాంటిదే.

డిసెంబరులో ఆయన మెట్ల కింద నిలబడి బిడ్డతో మాట్లాడాడు. దుకాణాలు మళ్ళీ మూసేస్తారని పుకారు. అందుకని తుపాకుల దుకాణదారు మర్నాడు పొద్దున్నే వచ్చి తీసుకుపోతానన్నాడు. టెర్మిన్ అయిపోయింది. ఆ దేశంలో టెర్మిన్ అంటే మన ముహూర్తం కన్నా గట్టిది, జరపడం ఉండదు. కాబట్టి పావురాలకు పోవలసింది ఈ సాయంత్రమే. ఓమా కూడా వస్తుందా అని అడుగుతున్నాడు.

"ఈ చలిల ఎందుకమ్మా?" అంది బిడ్డ.

"దూరం నిలబడి చూస్త. తుపాకి ముట్ట. ఒట్టు."

"బయట రెండిళ్ళవాళ్ళు కలవొచ్చు, పర్వాలేదు" అన్నాడు అల్లుడు. "వెళ్ళనివ్వు. పావురం సంగతి మర్చిపోకండి అత్తయ్యగారూ."

పొలాల మీద మంచు అప్పటికే తెల్లగా పడుతోంది. పెద్దాయన తుపాకీని సంచిలో పెట్టుకుని ముందు నడిచాడు. కాలువ దాటేచోట నాకు మోచేయి అందించాడు. ఓక్ చెట్ల అంచున ఒక పొద వెనక నిలబడి, తుపాకీ తీసి, రెండు తూటాలు వేశాడు. ఆయన గడ్డం శుభ్రంగా గీసుకుని, మెడకు టై కట్టుకుని వచ్చాడని అప్పుడు చూశాను.

కొంతసేపటికి పొలాల మీది నుంచి పావురాలు వచ్చాయి. మన గువ్వల కంటే రెండింతలు ఉంటాయి. మొదటి గుంపును పోనిచ్చాడు. రెండో గుంపులో ఒకటి విడిగా, కిందుగా వచ్చింది. ఆయన గుర్రం ఎత్తాడు, తుపాకీ భుజానికి ఆన్చాడు. చేయి వణకలేదు. మీట నొక్కాడు.

టప్ మని మెత్తటి చప్పుడొకటి వచ్చింది, అంతే. పిట్ట నెత్తి మీది నుంచి వెళ్ళిపోయింది.

ఆయన గొట్టాలను పొలం వైపే ఉంచి కాసేపు ఆగి, తుపాకీ విరిచి చూశాడు. తూటా వెనక దెబ్బ పడీ పడనట్టు ఉంది. రెండో గుర్రం ఎత్తి మరో పిట్టకు గురిపెట్టాడు. అదీ అంతే. తూటాలు మార్చాడు. మళ్ళీ మార్చాడు. గుంపుల మీద గుంపులు వచ్చి చెట్ల మీద వాలుతూనే ఉన్నాయి. అప్పుడాయన గుర్రం మొదట్లో బొటనవేలితో గీరాడు. గోటిలోకి తెల్లటి మైనం లాంటిది వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ఏమిటో ఆయనకు తెలియలేదు.

నాకు తెలిసింది. చలిలో కూడా ఒళ్ళంతా వేడెక్కింది. బడి ముందు నడిచినప్పుడు ఎట్లా ఉండేదో అట్లా ఉంది. పక్కకు జరిగి బిడ్డకు ఫోను చేశాను.

"అమ్మా, మీటింగ్‌ల ఉన్న. జల్ది చెప్పు."

"తుపాకిల నేను కొబ్బరినూనె పోసిన. గడ్డకట్టింది, పేలుతలేదు. ఆయనకు చెప్పు."

"ఎప్పుడు పోసినవ్?"

"ఎండాకాలం."

"ఆయనకు తెల్సా?"

"తెల్వది."

"అయితే చెప్పకు. తూటాలు పాతయి అనుకుంటడు. రేపు ఎట్లైన ఇచ్చేస్తున్నడు గద. ఇల్లు ఖాళీ చెయ్యుమంటే ఈ కరోనల పాపనెత్తుకుని ఏడికి పోదాం? ఈ ఇల్లు దొరుకనీకి ఎన్ని నెలలు పట్టిందో నీకు తెల్సా?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఫోను కొంగున దోపుకుని పెద్దాయన దగ్గరికి వచ్చాను. ఆయన ఇంకో కొత్త తూటా తీస్తున్నాడు. నాకు ఆయన భాష రాదు. తలకు చుట్టుకున్న శాలువా తీశాను. జడ మొదట్లో వేలు అద్ది, ఆ వేలు గుర్రం మీద పెట్టి చూపించాను. తర్వాత నా గుండె మీద పెట్టుకున్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. గోటిలోని మైనం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అర్థమైంది.

తిట్టలేదు, నవ్వలేదు. నన్ను వదిలేసి తుపాకీ వైపు చూశాడు, ఇంటి మనిషికి వేరేవాళ్ళు ఏదో తాగించారని తెలిసినప్పుడు చూసినట్టు.

కొబ్బరినూనె కరగడానికి నిప్పు అక్కర్లేదు, ఒంటి వేడి చాలు. ఆయన రెండు తూటాలూ తీసి జేబులో వేసుకున్నాక, నేను బిడ్డకు పెట్టిన ఒట్టు మరిచి, రెండు అరచేతులూ గుర్రాల చుట్టూ మూశాను. తుపాకీ ఆయన చేతుల్లోనే ఉంది, గుర్రాల మీది చేతులు మాత్రం నావి. మాస్కు దించి వేళ్ళ సందులోంచి ఊపిరి ఊదాను. ఇనుము చలికి అరచేతులు కొరికినట్టు అయ్యాయి. మనుషులు అంత దగ్గరగా నిలబడకూడని రోజులవి. ఆయన అభ్యంతరం చెప్పలేదు. నా వేళ్ళు మొద్దుబారితే ఆయన తన కోటు విప్పి తుపాకీ నడుమును చంకలో దాచుకున్నాడు, తర్వాత మళ్ళీ నా చేతులకు ఇచ్చాడు. చాలాసేపటికి నూనె నీళ్ళయి వేళ్ళ మీదికి కారింది. ఆయన రుమాలుతో తుడిచి, గుర్రం ఎత్తి దించి చూశాడు. ఈసారి టక్కుమని గట్టిగా పడింది.

తూటాలు వేశాడు. కానీ అప్పటికి పొద్దు పోయింది. కొమ్మల్లో రెక్కల చప్పుడు వినిపిస్తోంది గానీ పిట్ట కనబడడం లేదు. కనబడనిదాన్ని కొట్టకూడదన్న కట్టు మా అయ్యకూ ఉండేది. పెద్దాయన తల ఎత్తి, ఆ చీకటి చెట్ల వైపు కాసేపు చూసి, తూటాలు తీసేసి, తుపాకీని సంచిలో పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు కాలువ దగ్గర మళ్ళీ మోచేయి అందించాడు. తిట్టి ఉంటే నడక తేలికయ్యేది.

మర్నాడు పొద్దున్నే దుకాణదారు వ్యాను వచ్చింది. పాప ఏడుస్తుంటే ఎత్తుకుని మెట్ల మీదికి వచ్చాను. కింది తలుపు తెరిచే ఉంది. బల్ల మీద ఒక్కో తుపాకీ పెట్టి, దీపం వేసుకుని ఆ మనిషి పరీక్షిస్తున్నాడు. గుర్రాల తుపాకీ దగ్గరికి వచ్చేసరికి గుర్రాన్ని ఎత్తాడు, ముఖం చిట్లించాడు, సన్నటి కడ్డీ ఒకటి సూది దగ్గర పెట్టి తెల్లటి జిడ్డు బయటికి తీశాడు. పైన కరిగింది గానీ లోపలిది కరగలేదు. గట్టిగా ఏదో అన్నాడు.

"ఏమంటడు?" అని నా వెనక నిలబడ్డ బిడ్డను అడిగాను.

ఆమె నా చెవిలో చెప్పింది. "ఇన్నేండ్ల వేటగానివి, దీన్ల ఏం పోసినవ్, వంట నూనెనా అంటున్నడు. ఇసొంటి తుపాకిని ఇట్ల ఖరాబు చేసినోన్ని నేను చూడలే అంటున్నడు."

"పెద్దాయన ఏమంటడు?"

"నాకు వయసైంది, పొరపాటైంది అంటున్నడు."

నేను ఒక మెట్టు దిగాను. బిడ్డ నా భుజం పట్టుకుంది. "అమ్మా, ఆగు. నువ్వు చెప్తే ఆయన మీదికే వస్తది. లైసెన్స్ లేనోళ్ళ చేతికి తుపాకి ఎట్లిచ్చినవని అడుగుతరు. ఆయనకే కష్టం."

ఆ అలికిడికి పెద్దాయన తల ఎత్తి చూశాడు. వద్దన్నట్టు మెల్లగా తల ఊపి, మళ్ళీ ఆ మనిషి వైపు తిరిగాడు. ఆ మనిషి ఇంకా అంటూనే ఉన్నాడు. తనకంటే సగం వయసువాడి ముందు, సొంత వంటింట్లో, భార్య ఫోటో కింద నిలబడి ఆయన అన్నింటికీ "యా, యా" అంటున్నాడు. తుపాకీని సంచిలో పెట్టే ముందు ఒక్కసారి ఇవ్వమన్నట్టు చేయి చాపి, కోయించిన ఆ చిన్న కర్రను భుజానికి ఆన్చుకోకుండా, అరచేత్తో నిమిరి ఇచ్చేశాడు. జిప్పు మూసిన చప్పుడు మెట్ల మీదికి వినిపించింది.

నేను పాపను ఎత్తుకుని అక్కడే ఉన్నాను. నన్ను మాట్లాడవద్దన్నారు, అది న్యాయమే. కానీ కిందికి దిగి ఆయన పక్కన ఊరికే నిలబడవద్దని ఎవరూ అనలేదు. ఆ నాలుగు మెట్లు నేను దిగలేదు.